పొగగూడు గోడకి ఏ ప్లాస్టరు?

ప్రశ్న: మేస్త్రీ గారూ, నమస్కారం. విశాఖపట్నం వన్ టౌన్‌లో, కోట వీధికి దగ్గర్లో మా ఇల్లు. హార్బరు తెరిచిన మరుసటి ఏడు, 1934లో మా తాతగారు కట్టించారు. ఆయన రైల్వేలో పనిచేసేవారు. దొరల బంగళాల వంటిళ్ళు చూసి ముచ్చటపడి, మా వంటింట్లో కూడా ఇటుకతో పెద్ద పొగగూడు, దాని మీద డాబా దాటి ఆరడుగుల పైకి గొట్టం కట్టించారట. నా చిన్నప్పుడు అక్కడ కట్టెల పొయ్యి ఉండేది. గ్యాస్ వచ్చాక పొయ్యి తీసేసి, కింద నోరు ఇటుకలతో మూసేశారు. ఇప్పుడది మా భోజనాల గది. పొగగూడు గోడ మాత్రం గదిలోకి పొడుచుకొచ్చి అలాగే ఉంది. ఛాతీ ఎత్తు నుంచి కప్పు దాకా టీ ఒలికినట్టు గోధుమరంగు మరకలు. వానాకాలంలోనే కాదు, మే నెల ఉక్కపోతలో కూడా ఆ గోడ తడి తడిగా అవుతుంది. పెచ్చులూడి తెల్లటి పొడి రాలుతుంది. మూడుసార్లు లప్పం పెట్టించి రంగు వేయించాను. ఏడాది తిరక్కుండానే మరక మళ్ళీ హాజరు. ఈసారి మొత్తం కొట్టించి కొత్తగా ప్లాస్టింగ్ చేయిద్దామంటే ఒకాయన సిమెంటులో వాటర్‌ప్రూఫ్ ద్రావణం కలపమంటాడు, ఇంటీరియర్ కుర్రాడు జిప్సమ్ అంటాడు, మా తమ్ముడు టైల్స్ వేసి మరిచిపొమ్మంటాడు. సంక్రాంతికి పిల్లలొస్తారు. టెన్షన్‌గా ఉంది. ఏది వేయించమంటారు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సున్నం వేయించండమ్మా. సిమెంటు వద్దు, జిప్సమ్ వద్దు, టైల్స్ అసలే వద్దు. అయితే ఈ ఒక్క మాట పట్టుకుని రేపే మనుషుల్ని పిలిస్తే నాలుగోసారి కూడా డబ్బు గోడకి పూసినట్టే అవుతుంది. సంక్రాంతికి అవుతుందా అంటే, ఈ సంక్రాంతికి కాదు. పై సంక్రాంతికైతే మాట ఇవ్వగలను.

ముందు మీ వంటింట్లో ఉప్పు డబ్బా గుర్తు చేసుకోండి. వానాకాలంలో మూత సరిగ్గా పెట్టకపోతే ఏమవుతుంది? ఎవరూ నీళ్ళు పోయలేదు, అయినా ఉప్పు నీరు కారుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, ఉప్పు ఆ గాలిలోంచే నీళ్ళు తాగి కరగడం మొదలుపెడుతుంది. మన ఊళ్ళో 75 శాతం తేమ ఎంతసేపమ్మా, సముద్రం ఒడ్డున కూర్చున్నవాళ్ళం. మీ గోడ కూడా ఒక ఉప్పు డబ్బానే. యాభై ఏళ్ళు ఆ గొట్టంలో కట్టెలు కాలాయి. కట్టెల్లోని తడి ఆవిరై పైకి పోతూ, చల్లటి ఇటుక తగలగానే నీరై అంటుకుంది. దాంతోపాటు మసి, తారు, రకరకాల లవణాలు ఇటుక లోపలికి ఇంకాయి. సముద్రపు గాలి తన వంతు ఉప్పు తను ఇచ్చింది. మే నెలలో వాన లేకుండానే గోడ తడుస్తోందని రాశారు చూశారా, నాకు రోగం పట్టిచ్చింది ఆ వాక్యమే. ఆ తెల్లపొడి ఉప్పు. ఆ టీ రంగు తారు. శీతల దేశాల్లో హాల్లోనూ పడగ్గదిలోనూ ఇలాంటి గోడలుంటాయి, వాళ్ళకీ ఇదే తలనొప్పి. కాకపోతే వాళ్ళకి ఎక్కువగా బొగ్గు మసి, మనకి సరుగుడు కట్టెల మసి.

ఇప్పుడు సిమెంటు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. ఇది పుస్తకంలో చదివింది కాదు, నెత్తి మీద పడింది. ముప్పై ఏళ్ళ కిందట మా అత్తగారింట్లో, సరిగ్గా మీలాంటి గోడే, అల్లుడు సివిల్ డిప్లొమా చదివాడని నాకు అప్పగించారు. మా నాన్న పాతకాలం తాపీ మేస్త్రీ. సున్నం వేయరా అన్నాడు. నేను వినలేదు. ఒకటికి నాలుగు సిమెంటు మాలు కలిపి, వాటర్‌ప్రూఫ్ డబ్బా రెండింతలు పోసి, గాజులా మెరిసేట్టు పూయించాను. రెండు వానాకాలాలు బ్రహ్మాండంగా ఉంది. మూడో ఏడు శ్రావణమాసంలో, అందరం విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా, తలుపు అంత పెచ్చు ఒక్కటిగా ఊడి పులుసు గిన్నె మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, పెచ్చు తిరగేసి చూస్తే దాని వీపుకి ఇటుకల చర్మం అంటుకుని ఉంది. అర అంగుళం మందాన ఎర్రగా, గాయం మీద అంటుకుపోయిన గుడ్డను లాగినట్టు. మా మామగారు ఏమీ అనలేదు. మా నాన్న మాత్రం ఆ పెచ్చు తెచ్చి మా ఇంటి అరుగు మీద చాలాకాలం ఉంచాడు, వచ్చేపోయేవాళ్ళకి కనబడేట్టు.

జరిగిందేమిటంటే, ఆ కాలపు ఇటుక మెత్తన, సిమెంటు పూత గట్టి. లోపలి తడి గదిలోకి ఆరాలని చూస్తుంది, సిమెంటు దారివ్వదు. దాంతో తడి సిమెంటు వెనకే ఆగి, అక్కడే ఆరి, ఉప్పు అక్కడే గడ్డకడుతుంది. ఉప్పు స్ఫటికం పెరిగేటప్పుడు దానికి చోటు కావాలి, ఇటుక ముఖాన్ని పొడి చేసి ఆ చోటు చేసుకుంటుంది. పైగా మసిలో ఉండే సల్ఫేట్లు తడి తగిలితే సిమెంటుతో కలిసి ఉబ్బుతాయి. మీ తాతగారి కాలానికి సిమెంటు లేక సున్నం వాడారనుకోకండి. పోర్‌బందర్‌లో 1914లోనే సిమెంటు తయారైంది. అయితే ఇళ్ళ గోడలకి ఇంకా సున్నమే నడిచేది. ఆ ఇటుకకి ఆ సున్నమే జోడు.

జిప్సమ్ సంగతి రెండు ముక్కల్లో. సుద్దముక్క చేసేది దాంతోనే. సుద్దముక్కని తడిచేతిలో పట్టుకుంటే ఏమవుతుందో మీకు తెలుసు. దానికి తోడు రోజూ 50 డిగ్రీలకి అటూ ఇటూ వేడి తగిలే చోట కూడా అది పనికిరాదు. మీకు పొయ్యి లేదు కాబట్టి వేడి బాధ లేదు, తడి బాధ చాలు. కొత్త ఫ్లాటులో లోపలి గోడలకి మంచి సరుకే, నేనూ వేయించాను. మీ గోడకి కాదు.

టైల్స్ అంటే సిమెంటు మీద ఇంకో మూత. గది వైపు మూసేస్తే తడి పక్క గోడల్లోకి పాకుతుంది. తమ్ముడు గారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇక పని. కింది నుంచి కాదు, పై నుంచి మొదలుపెట్టాలి. డాబా ఎక్కి గొట్టం నోటి మీద రాతి పలక గానీ టోపీ గానీ ఉందేమో చూడండి. నా అనుమానం, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజున అది ఎగిరిపోయి ఉంటుంది. వన్ టౌన్‌లో నేను చూసిన పాత గొట్టాల్లో చాలావాటికి ఆ రోజుతోనే టోపీలు పోయాయి, ఎవరూ మళ్ళీ పెట్టలేదు. అంటే పదేళ్ళ పైగా వాన నేరుగా మీ గోడ లోపలికే పడుతోందన్నమాట. నాలుగు మూలలా ఇటుక ముక్కలు పెట్టి, వాటి మీద కడప పలక ఒకటి బిగించండి. నీళ్ళు పడకూడదు, గాలి ఆడాలి. పూర్తిగా సీలు చేయకండి. గొట్టం డాబాని తాకే మూల చుట్టూ పగుళ్ళున్నాయేమో కూడా చూడండి. మద్రాస్ టెర్రస్, అంటే కర్ర దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసిన పాతకాలం డాబా అయితే సరిగ్గా అక్కడే కారుతుంది. పైనుంచి ఒక మనిషి చేత గొట్టం తుడిపించండి. పావురాల గూళ్ళు, మసి, దేవుడెరుగు ఇంకేమిటో, బస్తా నిండుతుంది. తేనెపట్టు ఉందేమో చూసి మరీ చెయ్యి పెట్టమనండి.

తర్వాత కింద. పొయ్యి తీసేశాక ఇటుకలతో మూసిన నోరు ఉంది కదా, తప్పంతా అక్కడుంది. పై నుంచి వాన వచ్చింది, కింద గాలికి దారి లేదు. గొట్టం లోపల ఉన్న తడి ఇంకెటు పోతుంది? నేల నుంచి అడుగు ఎత్తులో రెండు ఇటుకలు తీయించి, తొమ్మిదికి ఆరంగుళాల జాలీ ఒకటి పెట్టించండి. అగరొత్తి వెలిగించి ఆ జాలీ దగ్గర పట్టుకుంటే పొగ లోపలికి లాక్కుని పోవాలి. లాగితే గొట్టం ఊపిరి పీలుస్తోందని అర్థం. లాగకపోతే మధ్యలో ఇంకా ఏదో అడ్డుంది, ప్లాస్టరు మాట ఎత్తకండి.

ఈ రెండూ అయ్యాక, తుఫాన్ల నెలలు దాటాక, డిసెంబరులో పాత పూత కొట్టించండి. వేలి కణుపుతో గోడ మీద తడుతూ పోండి. గట్టిగా ఉన్నచోట ‘టక్’ అంటుంది, ఊడినచోట గుల్లగా మోగుతుంది. గుల్ల మోగిన చోటంతా పోవాలి, మరక అంచు దాటి ఇంకో అడుగు కూడా పోవాలి. కొట్టిన పెచ్చులు ఆ రోజే బయటికి చేరవేయించండి. ఆ రద్దు అంతా ఉప్పే, నేల మీద వదిలేస్తే మళ్ళీ నేలలోంచి ఎక్కుతుంది. ఇటుకల మధ్య సందులు ముప్పావు అంగుళం లోతు గీకించండి. కొత్త పూత కాళ్ళు తన్నుకుని నిలబడేది ఆ సందుల్లోనే. గోడని కడగనివ్వకండి. మనవాళ్ళకి పైపు పట్టుకుంటే ఆనందం. నీళ్ళు కొడితే పైకి వచ్చిన ఉప్పు మళ్ళీ లోపలికి పోతుంది. పొడి బ్రష్‌తో రాల్చి, ఊడ్చి, పారేయాలి. వారం ఆగితే మళ్ళీ తెల్లగా పూస్తుంది. మళ్ళీ రాల్చాలి. ఇలా ఫిబ్రవరి దాకా ఇటుక బయటే ఉండనివ్వండి. ఈ సంక్రాంతికి పిల్లలకి ఆ ఇటుక గోడే చూపించండి. కాఫీ షాపుల వాళ్ళు డబ్బులిచ్చి మరీ ఇటుకలు బయట పెట్టించుకుంటున్నారు, వాళ్ళకి నచ్చుతుంది.

ఫిబ్రవరిలో పూత. ఇక్కడ మీకు రెండు దారులు. బస్తా మీద ఎన్‌హెచ్‌ఎల్ 3.5 అని రాసి ఉండే సహజ హైడ్రాలిక్ సున్నం తెప్పించుకోవచ్చు. ఇది తడిలో కూడా తనంతట తాను గట్టిపడే రకం. ఒక వంతుకి రెండున్నర వంతుల ఇసుక. ఖరీదెక్కువ, తలనొప్పి తక్కువ. రెండోది మా నాన్న దారి. నీళ్ళలో నానబెట్టి ముద్ద చేసిన సున్నం ఒక వంతు, సుర్కీ, అంటే మెత్తగా కొట్టి జల్లించిన ఇటుక పొడి, ఒక వంతు, ఇసుక ఒకటి నుంచి రెండు వంతులు. వట్టి సున్నం తడి గోడ మీద గట్టిపడడానికి యుగాలు పడుతుంది. సుర్కీ తోడైతే లోపల కూడా పట్టుకుంటుంది. అందుకే సున్నానికి ప్రామాణికం ఐఎస్ 712లో కూడా తరగతులు విడగొట్టారు. ‘సి’ అని ఉంటే వట్టి సున్నం, సుర్కీ లేకుండా మీ గోడకి వాడకండి. ‘బి’ అయితే కొంతవరకు తనే గట్టిపడుతుంది. సున్నం వేయడానికి కొట్లో ఎప్పటిదో నోరు విప్పిన బస్తా అంటగడితే తీసుకోకండి. గాలి తగిలిన సున్నం అప్పటికే సగం రాయైపోయి ఉంటుంది.

సున్నపు రాళ్ళు తెచ్చి ఇంట్లోనే నీళ్ళు పోసే ఆలోచన ఉంటే, కళ్ళజోడు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి. కుతకుతా ఉడికి చిమ్ముతుంది. ముంజేతి మీద రూపాయి బిళ్ళంత మచ్చ నాకు ఏడేళ్ళ వయసులో పడింది. కంట్లో పడితే చూపే పోతుంది. పోసేది కూడా రాళ్ళనే నీళ్ళలోకి, కొంచెం కొంచెంగా. ముద్దయ్యాక పైన నీళ్ళు నిలిపి కనీసం మూడు వారాలు కదపకుండా ఉంచాలి.

కరక్కాయ, బెల్లం నీళ్ళు కలపమని మీకు ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. కోటలకి కలిపారు, బాగా నిలిచాయి. మీ భోజనాల గదికి నేనైతే కలపను. పాళ్ళు తెలిసిన చెయ్యి కాకపోతే బెల్లం ఎక్కువై పూత ఆలస్యంగా పట్టుకుంటుంది, చీమలకి పండగ.

ఇసుక విషయంలో మాత్రం మొహమాటపడకండి. మనకి శ్రీకాకుళం వైపు నాగావళి, వంశధార ఇసుక వస్తుంది, రాజమండ్రి వైపు గోదావరి ఇసుక వస్తుంది, ఏదైనా సరే. సముద్రపు ఇసుక గుప్పెడు కలిసినా పడ్డ శ్రమంతా వృథా. మా నాన్న లారీ దిగగానే చిటికెడు నాలుక మీద వేసుకునేవాడు. ఉప్పగా తగిలితే లారీ వెనక్కే. తర్వాత గుప్పిట్లో పట్టి చెవి దగ్గర నలిపేవాడు, కరకరమంటే మంచిది, సడి లేకుండా మెత్తగా జారితే మట్టి ఎక్కువ. మీరు నాలుక మీద వేసుకోనక్కర్లేదు. గాజు సీసాలో సగం ఇసుక, నీళ్ళు పోసి ఊపి రాత్రంతా ఉంచండి. పైన బురద పొర మందంగా కట్టిందంటే కడగాల్సిందే. రోబో శాండ్ అయితే ఉప్పు ఉండదు గానీ రాతి దుమ్ము ఎక్కువ, ప్లాస్టింగ్‌కి కడిగి జల్లించినదే అడగండి. నీళ్ళు మున్సిపాలిటీ కుళాయివి. వన్ టౌన్ బోరు నీళ్ళతో కలిపితే ఉప్పు మనమే పోసినట్టు.

పూసే ముందు ఇటుకని చిలకరించి చల్లబరచాలి, కారేట్టు కాదు. మొదటి పొర పది మిల్లీమీటర్లు. మేస్త్రీ చెక్కతో నున్నగా రుద్దబోతాడు, ఆపండి. దాని మీద గీతలు గీయించండి. బొటనవేలి గోరు గుచ్చితే దిగకుండా గట్టిపడ్డాక రెండో పొర ఎనిమిది. చివర మూడు మిల్లీమీటర్ల సన్న పూత, దానికి ఇసుక జల్లెడ పట్టాలి. ప్రతి పొరకీ గోనె సంచులు తడిపి ముందు వేలాడదీయండి, ఫ్యాను ఆపండి. సున్నం ఆరిపోవడం వేరు, గట్టిపడడం వేరు. అది గాలిలోని కార్బన్ డయాక్సైడు పీల్చుకుని తిరిగి రాయిగా మారాలి, దానికి తేమ కావాలి. తొందరపెట్టి ఆరబెడితే పొడిపొడిగా రాలుతుంది. రెండు వారాలు ఆ సంచులకి నీళ్ళు చిలకరించే పని మీ ఇంట్లో ఎవరో ఒకరు మీద వేసుకోవాలి. పనివాళ్ళు మధ్యాహ్నం అన్నానికి వెళ్ళినప్పుడే గోడలు పగులుతాయి.

రంగు అడగలేదు గానీ చెప్పి తీరాలి. ఇంత చేసి లప్పం పెట్టి ఎమల్షన్ వేస్తే మళ్ళీ మూత పెట్టినట్టే. సున్నమే పల్చగా నాలుగు పొరలు వేయించండి, తెల్లదనానికి కాస్త నీలిమందు. పసుపు ఛాయ కావాలంటే సున్నంలో కలిసే మట్టి రంగులు దొరుకుతాయి.

ఇంత చేసినా మరక అస్సలు రాదని నేను చెప్పను. తారు మొండిది. లేతగా ఒకచోట తొంగిచూస్తే రెండేళ్ళకోసారి సున్నం వేస్తే సరిపోతుంది. తెల్లపొడి కూడా కొంచెం రాలుతుంది, భయపడకండి. ఉప్పుని ఇటుకలో దాచకుండా బయటికి పంపించడమే ఆ పూత ఉద్యోగం. పదిహేను, ఇరవై ఏళ్ళకి అది అరిగిపోతే పూతే పోతుంది, తాతగారి ఇటుక మిగులుతుంది. ఒకవేళ మరక మరీ ముదిరి వస్తే అప్పుడు ఆ గోడకి రెండంగుళాల దూరంలో చట్రం కట్టి, కిందా పైనా గాలి సందులు వదిలి బోర్డు బిగించడం ఒక్కటే దారి. అది ఓటమి కాదు గానీ, నాకు అంత ఇష్టం ఉండదు.

మరో మాట. పాత పూత కొట్టేటప్పుడు అన్నిటికన్నా లోపలి పొర, ఇటుకకి అంటుకున్నది, అరచేతంత ముక్క దాచండి. దాని మీద నిమ్మకాయ పిండితే బుసబుసా పొంగుతుంది, అది సున్నమని గుర్తు. వెలుగులో పట్టి చూస్తే తెల్లటి పెంకు ముక్కలు మిలమిలలాడితే మీ తాతగారు వాడింది గుల్ల సున్నం, అంటే గుల్లలు కాల్చి చేసిన సున్నం. కొత్త మాలు ఇసుక రంగు దానికి దగ్గరగా ఉండేట్టు చూసుకోమని మేస్త్రీకి ఆ ముక్క ఇవ్వండి.

ప్రశ్న: భీమిలి దగ్గర తోటలో చిన్న ఇల్లు కడుతున్నాం. సరదాకి ఒక కట్టెల పొయ్యి, ఇటుక పొగగొట్టం పెడుతున్నాం. లోపల సిమెంటు పూయవచ్చా?
– మరో పాఠకుడు

జవాబు: వద్దు బాబూ. వేడికి ఇటుక, సిమెంటు ఒకే కొలతలో సాగవు, త్వరలోనే పగుళ్ళు. పూర్వం సున్నంలో పేడ కలిపి లోపల మెత్తేవారు, ఇంగ్లండులోనూ అదే చేసేవారు. ఇప్పుడు మట్టి గొట్టం గానీ స్టీలు గొట్టం గానీ లోపల దించి, ఇటుకకీ దానికీ మధ్య ఖాళీ వదిలితే మసి ఇటుకని తాకదు. గొట్టం కప్పు కన్నా కనీసం మూడడుగులు లేవాలి, లేకపోతే సముద్రపు గాలి పొగని మీ మొహానికే కొడుతుంది. పొయ్యి నోటి పైన వచ్చే సన్న పగులు ఎవరు కట్టినా వస్తుంది, సున్నంతో పూడ్చుకుంటూ ఉండండి.

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో మా ఫ్లాటు. కిచెన్ చిమ్నీ వెనక గోడ జిడ్డు పట్టి రంగు ఊడుతోంది. సున్నం పూయించమంటారా?
– ఇంకో పాఠకురాలు

జవాబు: మీది మిషను చిమ్నీ తల్లీ, ఆ గోడకి ఉప్పూ లేదు, తారూ లేదు, వేపుళ్ళ నూనె ఉంది. సబ్బునీళ్ళతో కడిగి టైల్స్ వేయించుకోండి. పైన ఆవిడకి వద్దన్నది మీకు పనికొస్తుంది.